దవడ పునర్నిర్మాణ చరిత్ర: భద్రాచలం అటవీ సరిహద్దు నేపథ్యం

1965లో భద్రాచలం వద్ద గోదావరిపై వంతెనను రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. అంతకుముందు నది దాటడానికి పడవలే ఆధారం. అదే సంవత్సరం స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరంలో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్, దవడ వైకల్యంతో పుట్టిన యోస్టా లార్సన్‌కు టైటానియం దంత ఇంప్లాంట్లు అమర్చారు. ఈ రెండు ఘటనలకు పరస్పర సంబంధం లేదు. అయితే దవడ కోల్పోయిన అటవీ ప్రాంత రోగికి రెండూ అవసరమే. శస్త్రవిద్యలోని ప్రగతి ఆ రోగిని చేరడంలో దూరం, కాలం వహించే పాత్రను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

దవడ కీలు తొలగినప్పుడు కాపడం పెట్టి, సరిచేసి, కట్టు కట్టే పద్ధతిని సుశ్రుత సంహిత పేర్కొంది. పోయిన ఎముకను తిరిగి కల్పించడం మాత్రం ఆధునిక శస్త్రవైద్యం సాధించినది. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖం ఛిద్రమైన సైనికుల చికిత్స ఈ విద్యకు ఊతమిచ్చింది. తుంటి నుంచి తీసిన ఎముక ముక్క చుట్టూ ఉన్న కణజాలపు రక్తప్రసరణపైనే ఆధారపడుతుంది. అందువల్ల పెద్ద లోపాలను పూరించడం కష్టమయ్యేది. 1975లో ఆస్ట్రేలియా వైద్యుడు ఇయాన్ టేలర్ ఫిబులా అనే సన్నని కాలి ఎముకను రక్తనాళాలతో సహా మార్చే పద్ధతిని ప్రకటించారు. 1989లో అమెరికా వైద్యుడు డేవిడ్ హిడాల్గో దానిని కింది దవడకు అన్వయించారు. ఆ ఎముకలో ఇంప్లాంట్లు నాటే వీలుండడంతో రెండు మార్గాలు ఒకటయ్యాయి.

1959లో ఖమ్మం జిల్లాలో చేరిన భద్రాచలం ప్రాంతంలో ఈ చికిత్స అవసరం కల్పితం కాదు. అడవిలో ఇప్పపూలు ఏరేవారికి ఎలుగుబంటి ఎదురైతే గాయం తరచుగా ముఖానికే తగులుతుంది. పొగాకు వల్ల వచ్చే నోటి క్యాన్సర్ మరొక కారణం. 2021 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం బ్లాక్ ఫంగస్‌ను తప్పనిసరిగా నివేదించవలసిన వ్యాధిగా ప్రకటించింది. ఆ వ్యాధి ముదిరినవారిలో పై దవడను తొలగించవలసి వచ్చేది.

దవడ నష్టం ఆహారానికే పరిమితం కాదు. ముందుపళ్లు లేకపోతే త, ద వంటి దంత్యాలు పట్టుతప్పుతాయి. అంగిలికి రంధ్రం పడితే గాలి ముక్కులోకి మళ్లి అనునాసికాలు కాని ధ్వనులు కూడా ముక్కుతో పలుకుతాయి. వర్ణోత్పత్తి స్థానాలుగా వ్యాకరణం చెప్పినవే ఇక్కడ శస్త్రవైద్యుడి కార్యక్షేత్రాలు.

ఈ చికిత్స ఒక్క ప్రయాణంతో ముగియదు. ఎముక అతకడానికి కొన్ని నెలలు, ఇంప్లాంట్లు ఎముకతో కలిసిపోవడానికి మరికొన్ని నెలలు, ఆ తర్వాతే పళ్ల అమరిక. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలపై శస్త్రచికిత్సల ఖర్చు భారాన్ని తగ్గించింది. ఖమ్మంలో దంతవైద్య కళాశాల ఏర్పడడంతో దూరమూ కొంత తగ్గింది. అయినా భద్రాచలం నుంచి ఖమ్మం వంద కిలోమీటర్లకు పైమాటే. ప్రతి రాకపోకకూ ఒక రోజు కూలి పోతుంది. ఎముక నిలిచినా పళ్లు అమరకముందే చికిత్స ఆగిపోతే నమలడం, పలకడం అసంపూర్ణంగానే మిగులుతాయి. కనుక దవడ పునర్నిర్మాణ చరిత్రను తొలి శస్త్రచికిత్సల తేదీలతోనే కాక, చివరి పన్ను అమరేవరకు రోగి చేయగలిగిన ప్రయాణాలతో కూడా అంచనా వేయవలసి ఉంది.