నందలాల్ బోస్: అలంకారమే అసలు పని

నందలాల్ బోస్ (1882–1966) అనగానే కళాచరిత్రకారులు అవనీంద్రనాథ్ ఠాకూర్ శిష్యుడిగా ఆయన వేసిన చిత్రాలనే ఎత్తుకుంటారు. పందిళ్లకు, గోడలకు, పుస్తకాలకు చేసిన పనిని చివర్లో రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఈ వరుసను తిరగేస్తే తప్ప ఆయన అర్థం కాడని నా నమ్మకం. 1909లో లేడీ హెరింగ్‌హామ్ బృందంతో అజంతాకు, 1921లో బాఘ్ గుహలకు వెళ్లి కుడ్యచిత్రాలకు నకళ్లు తీసిన మనిషి ఆయన. అజంతా చిత్రకారుడు బోధిసత్వుడి మీద పెట్టినంత శ్రద్ధనూ పైకప్పులోని తామరతీగ మీద పెట్టాడు. బొమ్మ గొప్పది, అలంకారం తక్కువది అన్న భేదం ఆ గుహల్లో లేదు. శాంతినికేతన్ కళాభవన్‌కు పెద్దగా ఉన్నన్నాళ్లూ నందలాల్ ఆ భేదాన్ని పాఠాల్లోనూ ఉండనివ్వలేదు. బెంగాలీ ఆడవాళ్లు బియ్యప్పిండి నీళ్లలో వేలు ముంచి నేల మీద వేసే అల్పన, మన ముగ్గు లాంటిదే, అక్కడ తరగతి గదికెక్కింది. సుకుమారీ దేవి, ఆ తర్వాత నందలాల్ కూతురు గౌరి దాన్ని నేర్పారు.

ఈ చదువు ఫలితం 1938లో గుజరాత్‌లోని హరిపురా కాంగ్రెస్ మహాసభలో కనబడింది. గాంధీ కోరిక మీద నందలాల్, శిష్యులు కలిసి దాదాపు 400 పటాలు సిద్ధం చేశారు. చేతి కాగితం, మట్టి రంగులు, లావుపాటి కుంచె: అంతే సరంజామా. దూది ఏకేవాడి పటమో, డోలు వాయించేవాడి పటమో దగ్గర నుంచి చూస్తే నాలుగైదు రంగులకు మించి ఉండవు. వంగిన వీపు ఒక్క గీతలో వచ్చేస్తుంది, చుట్టూ ఉన్న తోరణపు వంపు ఆ గీతనే అందుకుంటుంది. ఆ తోరణాన్ని తీసేస్తే బొమ్మలోని బిగువు పోతుంది. నడుస్తూ పోయే రైతు దూరం నుంచే పోల్చుకునే బొమ్మ కావాలి కనుక ఆ పొదుపు అవసరమైంది.

ఇలాంటి పనిలో పల్లె బతుకు మరీ అందంగా కనబడుతుందనీ, ఆకలి కనబడదనీ ఒక విమర్శ ఉంది. హరిపురా పటాల వరకు అది నిజమే. కానీ 1943 కరువు ఏట ఇదే చేయి అన్నపూర్ణ ముందు ఎముకల గూడైన శివుణ్ణి నిలబెట్టింది. అలంకారపు గీత ఆకలిని మోయలేదనడానికి ఆ చిత్రమే అడ్డు. నందలాల్ ఆధ్వర్యంలో అలంకరించిన భారత రాజ్యాంగ మూలప్రతిలోని బొమ్మల్లో చాలా మటుకు శిష్యులే వేశారు కదా, ఆ ఘనత ఆయనకెందుకు అని మరో ప్రశ్న. పీఠిక పుట అంచులు దిద్దినది బెవహార్ రామ్‌మనోహర్ సిన్హా. కింది మూలన సిన్హా చిన్న సంతకం కూడా ఉంది. అయితే గుడి కట్టినా, పందిరి వేసినా అలంకార కళ ఎప్పుడూ పదిమంది చేతుల పనే. అన్ని చేతులూ ఒక్క తీరులో నడిచేలా చేయడం గురువు పని, అది చేసినది నందలాల్. శాంతినికేతన్‌లో చదివి హైదరాబాద్ లలితకళల కళాశాలలో పాఠాలు చెప్పిన మన కొండపల్లి శేషగిరిరావు కూడా ఆ బడి నుంచి వచ్చినవారే.