రెండు గుఱ్ఱముల కారు

శంషాబాదు విమానాశ్రయపు బాటపై ఒక నిమిషము నిలిచినచో మన ముందు ఎన్నో రకముల కార్లు సాగిపోవును. 2008 మార్చి 23న విమానములు ఎగురుట మొదలైన ఈ ప్రాంతమున ఇప్పటికిని చుట్టుప్రక్కల దున్నిన చేలు కనబడును. అట్టి చేనిలో, సాళ్లకు అడ్డముగా, కోడిగ్రుడ్ల బుట్ట పెట్టుకొని కారు నడుపుమనినచో మనము నవ్వుదుము. ఫ్రాన్సులో ఒకాయన తన ఇంజనీర్లను నిజముగానే అట్లు అడిగినాడు. ఒక్క గ్రుడ్డు కూడ పగులరాదన్నాడు!

ఆయన పేరు పియేర్ బులాంజే. 1934లో దివాలా తీసిన సిట్రోయెన్ కంపెనీని టైర్లు చేయు మిషలిన్ వారు చేపట్టినారు. వారి తరఫున వచ్చినవాడే బులాంజే. ఆనాడు ఫ్రెంచి రైతు గుఱ్ఱపుబండిపైనే సంతకు పోవుచుండెను. ఇద్దరు రైతులు, 50 కిలోల బంగాళాదుంపలు, గంటకు 60 కిలోమీటర్ల వేగము, 100 కిలోమీటర్లకు 3 లీటర్ల పెట్రోలు: ఇంతకు మించి అక్కరలేదని ఆయన నిర్ణయము. ధనికుని కారును కుదించక, రైతు అవసరమునుండి లెక్క మొదలుపెట్టినాడు. ఆయన గొప్పతనమంతయు ఇచ్చటనే యున్నదని నా అభిప్రాయము.

గ్రుడ్లు పగులకుండుటకు కిటుకేమి? ఒక్కొక్క ప్రక్క ముందు చక్రమును, వెనుక చక్రమును కారు అడుగున పడుకోబెట్టిన స్ప్రింగుల గొట్టముతో కలిపినారు. ముందు చక్రము గట్టెక్కగానే ఆ గొట్టము కదలును; దానితో వెనుక చక్రము నేలవైపు నొక్కబడి కారు వెనుక భాగము లేచును. కాబట్టి బండి ముందు భాగమొక్కటే ఎగిరిపడదు.

1939లో సుమారు 250 కార్లు సిద్ధమైనవి. సెప్టెంబరు 3న ఫ్రాన్సు యుద్ధము ప్రకటించినది. జర్మనుల చేతికి చిక్కరాదని ఆ కార్లలో చాలా వాటిని ధ్వంసము చేసి, కొన్నిటిని దాచినారు. యుద్ధానంతరము నమూనా చాలా మారినది. ఖరీదైన అల్యూమినియము పోయి ఉక్కు రేకు వచ్చినది. నీటితో చల్లబడు ఇంజను బదులు వాల్టర్ బెక్కియా గాలితో చల్లబడు ఇంజనును రచించినాడు. రేడియేటరు లేదు గనుక చలికాలమున నీరు గడ్డకట్టుననెడి భయము లేదు. ఎదురెదురుగా పరుండిన రెండు సిలిండర్లు, 375 ఘనపు సెంటీమీటర్లు, 9 అశ్వశక్తి. "డ్యూ షెవో", అనగా రెండు గుఱ్ఱములు, అను పేరు పన్ను లెక్కనుబట్టి వచ్చినది. ఇంజను బలము వేరు.

1948 అక్టోబరులో ప్యారిస్ ప్రదర్శనశాలలో దీనిని చూచి పత్రికలవారు వేళాకోళము చేసినారు. గుడ్డ పైకప్పు, పెట్రోలు ఎంతయున్నదో చూచుటకు ఒక పుల్ల! వర్షము తుడుచు చీపురు వేగమాపకపు తీగతో తిరుగును గనుక, బండి మెల్లగా పోయినచో అదియు మెల్లగనే ఆడును. అయినను కొనగోరువారు కొన్ని సంవత్సరములపాటు కాచుకొనవలసి వచ్చినది. బులాంజే మాత్రము 1950లో కారు ప్రమాదమున మరణించినాడు.

చివరి కారు 1990 జూలై 27న పోర్చుగల్లులోని మాంగ్వాల్దె కార్ఖానాలో తయారైనది. అప్పటికి వెలువడినవి 38 లక్షలకు పైగా. మన దేశపు విపణిలోకి సిట్రోయెన్ కార్లు 2021లో గాని రాలేదు. మనకు పొరుగుననున్న తిరువళ్లూరులో అవి తయారైనవి.

1939లో దాచిన వాటి సంగతి చెప్పుట మరచితిని. 1994లో, ఆ కార్లను పరీక్షించిన లా ఫెర్తే-విదామ్‌లోనే, ఒక కొట్టము అటకమీద మూడు కార్లు దుమ్ము కొట్టుకొని దొరికినవి. ఆనాటి నమూనాకు ముందు దీపము ఒక్కటే.