ఆ జాకెట్టు నలుపా, ఎరుపా?

మొన్న ఎర్రగుంట్లలో మా ఖాలా ఇంటికి పోతే అక్కడో తకరారు నడుస్తా ఉంది. ఖాలా నలభై ఏండ్లుగా ఆడోళ్ల బట్టలే కుడుతుంది. నికా కుదిరిన ఒక పిల్ల సెల్లులో పాత తస్వీరు చూపించి, అట్లాంటి జాకెట్టే కావాలని జిద్దు పట్టింది. మోచేతుల దాకా చేతులు, చివర లేసు కుచ్చు, మెరిసే నల్ల గుడ్డ. వాళ్లమ్మకు చేతులు నచ్చినయి గానీ రంగు నచ్చలేదు.

"నికాకు నలుపేంది? అందులోనూ సినిమాదాని బట్టలు!"

తస్వీరులో ఉన్నది సులోచన. అసలు పేరు రూబీ మేయర్స్, పూణెలో పుట్టిన యహూదీ బిడ్డ. టెలిఫోన్ ఆపరేటర్ నౌకరీ వదిలి మూకీల్లోకి వచ్చింది. ఉర్దూ మీడియం రోజుల్లో మేం వాటిని ఖామోష్ ఫిల్మ్ అనేవాళ్లం. 1927లో 'వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబే'లో ఆమె ఒక్కతే ఎనిమిది వేషాలు వేసింది. గొంతు వినపడని బొమ్మలో ఎనిమిది మందిని జనం పోల్చుకోవాలంటే ముఖం, నడక, బట్టలే ఆసరా. అంటే సగం డైలాగు దర్జీ చేతిలో ఉన్నట్టే గదా!

ఇక 'సినిమాది' అనే తిట్టుకు కూడా ఒక తవారీఖ్ ఉంది. 1913లో ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' తీస్తే తారామతి వేషానికి ఆడమనిషి దొరకలేదు. సాలుంకే అనే మగవాడికి చీర కట్టినారు. తెలుగువాళ్ల మొదటి మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' 1921లో వచ్చింది. అందులో గంగ వేషం పెగ్గీ కాస్టెల్లో అనే దొరసానిది. ఇజ్జత్ పోతుందని శరీఫ్ ఖాందాన్లు తలుపులు మూసుకుంటే, యహూదీలు, ఆంగ్లో ఇండియన్లు ఆ చీరలు కట్టుకున్నారు. (మా కడప జిల్లా సురభి నాటకాలోళ్లు అంతకు ముందే ఇంటి ఆడోళ్లను స్టేజీ ఎక్కించినారు. ఆ ఫఖర్ మాకుంది.) మనవాళ్లలో ఫాత్మా బేగం 1926లో ఏకంగా 'బుల్‌బుల్-ఎ-పరిస్తాన్' డైరెక్ట్ చేసింది. 1931లో మొదటి టాకీ 'ఆలం ఆరా'లో హీరోయిన్ జుబేదా ఆమె కూతురే.

రంగు సంగతి చెప్తా. ఆ జమానాలో ఎక్కువగా వాడిన ఫిల్ముకు ఎరుపు కనపడేది కాదు. ఎర్ర గుడ్డ నల్లగా పడేది, నీలం తెల్లగా పడేది. కాబట్టి మూకీ తస్వీరులోని నలుపు నలుపే అని ఖసమ్ తిని చెప్పలేం.

ఈ మాట వినేసరికి ఖాలా కైంచీ పక్కన పెట్టి, తస్వీరును వేళ్లతో పెద్దది చేసి చూసింది.

"ఎరుపే అయ్యుండొచ్చు బేటీ. నీ నికాకు ఎరుపే కుడదాం, లేసు మాత్రం నల్లది వేస్తా."

పిల్ల కాసేపు మూతి ముడుచుకొని, సరే అనింది. సంచిలోంచి ఆది జాకెట్టు తీయబోతే ఖాలా వద్దనింది. ఆ కాలం చేతులకు ఇప్పటి ఆది పనికిరాదంట.

నాప్ తీసేటప్పుడు నేను బయట అరుగు మీద కూర్చున్నా. పర్దా వెనక నుంచి ఖాలా అంకెలు చెప్తా ఉంది. పిల్ల వాళ్లమ్మ నోటుబుక్కులో రాసుకుంటా ఉంది.