గోడ తీసేసిన పులి: దీన్‌దయాళ్ గాజు పలక నుంచి మన క్రాప్ బటన్ దాకా

ఈ ఎపిసోడ్ ఒక తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను. తప్పు నాదే.

రెండేళ్ల క్రితం బహదూర్‌పురాలో మన నెహ్రూ జూ పార్క్‌కి వెళ్లి ఒక పులి ఫొటో తీశాను. ఫ్రేమ్‌లో ఎడమ పక్క ఎన్‌క్లోజర్ గోడ ఉంది, కింద సిమెంట్ నీళ్ల తొట్టి ఉంది. ఇంటికొచ్చి రెండూ క్రాప్ చేసేశాను. నీడలు కొంచెం తెరిచాను, పసుపు రంగు కొంచెం పెంచాను, 'అడవి రాజు' అని పేరు పెట్టి పోస్ట్ చేశాను. చాలామందికి నచ్చింది. వారం తర్వాత అచ్చంపేట నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అన్నా, మేం ఫర్హాబాద్ దిక్కు రెండుసార్లు పోయినం, ఒక్క పులి కూడా కనపడలే. నువ్వు ఏ పాయింట్ల తీసినవ్?"

నేను జవాబు ఇవ్వలేదు. సిగ్గేసింది. నేను ఎక్కడా అబద్ధం రాయలేదు, నిజమే. కానీ గోడ తీసేశాక ఆ ఫొటో నా తరఫున అబద్ధం చెప్పింది.

అప్పటినుంచి ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. జంతువుల ఫొటోని అందంగా చేయడం ఎక్కడ ఆగి, అబద్ధం ఎక్కడ మొదలవుతుంది? సమాధానం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. చార్మినార్ నుంచి లాడ్ బజార్ మీదుగా చౌమహల్లా ప్యాలెస్‌కి నడిస్తే చాలు. అక్కడ గోడల మీద నిజాంల కాలం ఫొటోలు ఉంటాయి. ఆ కాలం హైదరాబాద్‌ని మనకి చూపించిన కళ్లలో పెద్ద కన్ను ఒకటుంది, రాజా దీన్‌దయాళ్.

ఈయన కథ మన ఇంజినీర్లకి బాగా దగ్గరగా ఉంటుంది. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు. రూర్కీ థామసన్ కాలేజీలో ఇంజినీరింగ్ చదివి, 1866లో ఇందోర్‌లో పీడబ్ల్యూడీ ఉద్యోగంలో చేరాడు. ఎస్టిమేట్లు, డ్రాయింగ్‌లు, అదే పని. 1870ల్లో కెమెరా పట్టాడు. తర్వాత ఉద్యోగం వదిలేసి ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. 1894లో నిజాం ఆయనకి 'రాజా ముసవ్విర్ జంగ్' అని బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే బొమ్మలు గీసేవాడు, చిత్రకారుడు. అంటే ఇంజినీరింగ్ చదివి కెమెరా వెనక్కి పోవడం మన తరంతో మొదలైన జబ్బు కాదు!

మహబూబ్ అలీ పాషాకి వేట అంటే ప్రాణం. ఆయన పులులు కొట్టిన కథలు పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన వేటల్లో, ఆయన అతిథుల వేటల్లో దీన్‌దయాళ్ కెమెరా ఉండేది. మన నేల మీద తీసిన పాత పులి ఫొటోల్లో ఇవి ఉన్నాయి. కానీ ఒక్క విషయం గమనించండి. ఆ ఫొటోల్లో పులి చచ్చిపోయి ఉంటుంది.

ఎందుకు? అప్పటి పరికరాలు చూస్తే అర్థమవుతుంది. కెమెరా అంటే స్టాండ్ మీద నిలబెట్టే చెక్క పెట్టె. ఫిల్మ్ కాదు, గాజు పలక. ఒక్కో పలక పది, పన్నెండు అంగుళాలు. ఒక షాట్ అయ్యాక పలక మార్చాలి. ఇప్పుడు మనం భుజాన వేసుకుని తిరిగే పెద్ద జూమ్ లెన్స్‌లు లేవు. బతికున్న పులి పొదల్లోంచి బయటికొచ్చి దాటే లోపు ఫోకస్ కూడా కుదరదు. చచ్చిన పులి మాత్రం కదలదు. ఆనాటి 'వైల్డ్‌లైఫ్ ఫొటో' అంటే అందుకే వేట ఫొటో.

బాగా తెలిసిన ఫొటో ఒకటి చెప్తాను. 1902 ఏప్రిల్‌లో వైస్రాయ్ లార్డ్ కర్జన్, ఆయన భార్య వరంగల్ వైపు నెకొండ దగ్గర క్యాంప్ వేసి వేటాడారు. మొదటి రోజు కొట్టిన పులితో ఇద్దరినీ దీన్‌దయాళ్ ఫొటో తీశాడు. ఇప్పుడు విజయవాడ లైన్‌లో రైలు ఎక్కితే వరంగల్ దాటాక వచ్చే అదే నెకొండ. ఫొటోలో వైస్రాయ్ ఉన్నాడు, దొరసాని ఉంది, పులి ఉంది. కానీ ఇలాంటి వేట ఇద్దరితో అవుతుందా? పులి జాడ తీసినవాళ్లు, డప్పులు కొట్టి పులిని తుపాకీ వైపు తోలిన హాకా మనుషులు, ఏనుగుల మావటీలు, క్యాంప్ మోసినవాళ్లు ఉండాలి కదా. అతిథుల పేర్లు ఫొటో కింద ఎక్కాయి. వీళ్ల పేర్లు ఎక్కలేదు.

చూశారా, క్రాప్ అనేది డార్క్‌రూమ్‌లో మొదలవ్వలేదు. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి, కెమెరా ఎటు తిప్పాలి అన్నప్పుడే మొదలైంది.

ఇక డార్క్‌రూమ్ పని. అప్పట్లో సాధారణంగా కాంటాక్ట్ ప్రింట్ చేసేవారు. గాజు నెగెటివ్‌ని కాగితం మీద పెట్టి ఎండలో ఉంచుతారు. నెగెటివ్ ఎంతుంటే ప్రింట్ అంతే. మరి అక్కర్లేని భాగం పోవాలంటే? నెగెటివ్ అంచుకి నల్ల కాగితం అడ్డం పెట్టాలి. లేదంటే ప్రింట్‌ని కత్తితో కోసి అట్ట మీద అంటించాలి. ముఖం మీద మచ్చలుంటే నెగెటివ్ మీదే సన్న పెన్సిల్‌తో దిద్దేవారు. మన హీలింగ్ బ్రష్‌కి తాత ఆ పెన్సిల్.

రంగుల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఆనాటి మామూలు ప్లేట్లకి నీలం బాగా కనిపిస్తుంది, నారింజ, ఎరుపు దాదాపు కనిపించవు. అందుకే పాత ఫొటోల్లో ఆకాశం తెల్లగా ఖాళీగా ఉంటుంది, మన ఎర్రమట్టి నల్లబడిపోతుంది. పులి ఒళ్లు ఏ రంగు? నారింజ. అది కూడా ముదురుగా పడేది. నల్ల చారలకీ ఒంటికీ తేడా తగ్గిపోయేది. పులికి అందం ఇచ్చేదే ఆ చారలు, వాటినే ప్లేట్ మింగేసేది. కాబట్టి 'ఎడిట్ చేయని ఫొటోనే నిజం' అనే మాట కూడా పూర్తిగా నిలబడదు. కాంట్రాస్ట్ దిద్దడం కొన్నిసార్లు నిజానికి దగ్గర చేస్తుంది.

బతికున్న పులి ఫొటోలోకి ఎప్పుడొచ్చింది? 1920ల్లో ఎఫ్.డబ్ల్యూ. ఛాంపియన్ అనే అటవీ అధికారి ఉత్తరాది అడవుల్లో పులి నడిచే దారికి అడ్డంగా సన్న తీగ కట్టాడు. పులి కాలు తగిలితే ఫ్లాష్ వెలిగి, దాని ఫొటో అదే తీసుకునేది. 1927లో ఆయన పుస్తకం వచ్చింది. తుపాకీ లేకుండా పులిని ఇంటికి తేవచ్చని అది చూపించింది. ఇప్పుడు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో పులుల్ని లెక్కపెట్టే కెమెరా ట్రాప్‌లది కూడా అదే ఆలోచన. ఆ అమ్రాబాద్ ఒకప్పుడు నిజాంల వేట అడవే.

సరే, ఇప్పుడు మన ఫోన్‌కి, ల్యాప్‌టాప్‌కి వద్దాం. క్రాప్ లెక్క సింపుల్. 24 మెగాపిక్సెల్ ఫొటో అంటే సుమారు 6000 బై 4000. పొడవు సగం, వెడల్పు సగం చేస్తే 3000 బై 2000 మిగులుతుంది. సగం కాదు, పావు వంతు, 6 మెగాపిక్సెల్. ఫోన్‌లో చూడటానికి అది బోలెడు. మంచి ప్రింట్‌కి మాత్రం 10 అంగుళాల దాకానే వస్తుంది. కాబట్టి పిట్ట దూరంగా ఉందని మరీ దగ్గరికి కోయకండి, ఈకలు కాదు, గుండ్లు గుండ్లుగా నాయిస్ కనపడుతుంది. జంతువు చూస్తున్న వైపు కొంచెం ఎక్కువ ఖాళీ వదలండి. తోక, చెవి కొస కోయకండి. ముందు వంపు సరిచేసి, తర్వాత క్రాప్, తర్వాత వెలుగు, రంగు. షార్ప్‌నెస్ అన్నిటికంటే చివర.

ఒరిజినల్ మాత్రం ఎప్పుడూ దాచండి. లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లు ఒరిజినల్ ఫైల్‌ని ముట్టుకోవు, మీరు చేసిన మార్పుల జాబితా మాత్రమే పక్కన రాసుకుంటాయి. దీన్‌దయాళ్ నల్ల కాగితం అడ్డం పెట్టినా గాజు పలక చెక్కుచెదరనట్టే. ఆయన నెగెటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి, 1989లో కుటుంబం దగ్గర కొన్నారు. ప్రింట్ ఎంత కోసినా, ఆ కాలంలోకి తిరిగి చూడటానికి పలక మిగిలింది.

మరి గీత ఎక్కడ? పెద్ద పోటీలు క్రాప్‌ని, వెలుగు, రంగు దిద్దడాన్ని ఒప్పుకుంటాయి. వస్తువుల్ని, జంతువుల్ని చేర్చడం, తీసేయడం ఒప్పుకోవు. కానీ అది కూడా చాలదు. 2009లో వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ గెలిచిన ఫొటోలో ఒక తోడేలు గేటు దూకుతుంటుంది. అది మచ్చిక చేసిన జంతువై ఉండొచ్చని జడ్జిలు తేల్చి, 2010లో బహుమతి వెనక్కి తీసుకున్నారు. అక్కడ తేడా పిక్సెల్‌లో లేదు. చూసేవాడు ఏం నమ్ముతున్నాడో అందులో ఉంది.

నాకు దొరికిన గీత ఇది. తీసేసిన ముక్కని చూసేవాడికి చూపిస్తే 'అరే, నన్ను మోసం చేశావ్' అంటాడా? అంటే, ఆ ముక్క ఫొటోలో ఉండాలి. లేదా కనీసం కింద రాసే రెండు ముక్కల్లో ఉండాలి. అడ్డంగా పడ్డ గడ్డిపోచని క్రాప్ చేస్తే ఎవరూ అలా అనరు. జూ గోడని తీసేస్తే అంటారు. హాకా మనుషుల్ని తీసేస్తే వాళ్ల మనవలు అంటారు.

అచ్చంపేట తమ్ముడికి మొన్న జవాబు పెట్టాను, రెండేళ్లు ఆలస్యంగా. గోడతో, తొట్టితో ఉన్న పూర్తి ఫొటో పంపి, 'జూలో తీసింది, సారీ' అని రాశాను. వెంటనే రిప్లై వచ్చింది: "గోడ ఉంటేనే మంచిగుందన్నా. పులి ఏడికెల్లి చూస్తుందో ఇప్పుడు సమజైంది."

నిజమే. క్రాప్‌లో పులి దర్జాగా దూరంగా చూస్తున్నట్టు ఉండేది. పూర్తి ఫ్రేమ్‌లో అది గోడ వైపు చూస్తోంది.

మళ్లీ కలుద్దాం. ఉంటాను.