కాన్పువేళ నడుము పట్టిన చేతులు



నెలలు నిండుతున్న ఆడపిల్లను మా ఆదిలాబాద్ వైపు ఎవరు పలకరించినా మొదట వినిపించే మాట ఒక్కటే: "నడుం గుంజుతాంది అత్తమ్మా!" ఇది గారాలు పోవడం కాదు. కడుపులో బిడ్డ పెరిగేకొద్దీ బరువు ముందుకు లాగుతుంది, వెన్ను వెనక్కి వంగుతుంది. కాన్పుకు దారి ఇవ్వడం కోసం కటి ఎముకల్ని కలిపివుంచే కట్లు కూడా సడలుతాయి. మరి నడుము నొప్పెట్టకుండా ఎలా వుంటుంది?

యీ నొప్పికి అమెరికాలో చాలామంది గర్భిణీలు కైరోప్రాక్టిక్ వైద్యుల దగ్గరికి వెళతారు. చేతులతో వెన్నుపూసల్ని నొక్కి సర్దే పద్ధతి అది. 1895లో డావెన్‌పోర్ట్ అనే వూళ్లో డి.డి. పామర్ అనే ఆయన మొదలుపెట్టాడు. గర్భిణీలకోసం లారీ వెబ్‌స్టర్ అనే ఆయన తర్వాతి కాలంలో ఒక ప్రత్యేక విధానం ప్రచారంలోకి తెచ్చాడు. దానివల్ల అడ్డం తిరిగిన బిడ్డ సరిగా తిరుగుతుందని చెప్పేవారున్నారు గాని, అందుకు గట్టి రుజువు లేదు.

మన దగ్గర నడుము పట్టేస్తే ఏం చేసేవారో మీకు తెలుసుగా! ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లని వెతికి పట్టుకొచ్చి, బోర్లా పడుకుని మెల్లగా తన్నించుకునేవారు. నవ్వొస్తుంది గాని, వెన్ను సర్దాలన్న ఆలోచన మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే. అయితే కడుపుతో వున్నవాళ్ల జోలికి మాత్రం ఆ తన్నేవాళ్లను రానిచ్చేవారు కాదు. వాళ్ల నడుముకి వేరే చేతులుండేవి. అవి మంత్రసానివి.

పల్లెల్లో చాలాచోట్ల మంగలివారి ఆడవాళ్లే యీ పని చేసేవారు. అత్తనుంచి కోడలికి, అక్కనుంచి చెల్లెలికి వచ్చిన విద్య. నొప్పులు మొదలయ్యాయని కబురందితే అర్ధరాత్రయినా వచ్చేది. ఆముదం వెచ్చచేసి నడుముకి, తొడలకి రాసేది. నొప్పి వచ్చినప్పుడల్లా నడుము కింది ఎముకమీద అరచేయి ఆనించి గట్టిగా అదిమి పట్టేది. నడిపించేది, గొంతుక్కూర్చోబెట్టేది. "అయిపోవచ్చింది బిడ్డా" అంటూ పక్కనుంచి కదిలేది కాదు. పురిటి స్నానాలదాకా ఆమే చూసుకునేది. ఇన్ని చేసినా ఆమెకు దక్కింది కాసిని బియ్యం, ఒక చీర. పురుడు మైల అన్నారు గనుక, ఆ మైల ఎత్తిన మనిషిని కూడా దూరంగానే వుంచారు.

అలాగని పాతకాలమంతా బంగారమని చెప్పను. కొడవలితో బొడ్డు కోయడం, బొడ్డుమీద బూడిదో పేడో పెట్టడం, బిడ్డ త్వరగా రావాలని పొట్ట అదమడం కూడా ఆ కాలంలోవే. వాటివల్ల ధనుర్వాతంతో పసికందులూ, రక్తం పోయి తల్లులూ పోయారు. బిడ్డ అడ్డం తిరిగితే ఆమె చేతుల్లో ఉపాయం లేదు. ఆసుపత్రికి పోదామంటే దారేదీ? మన జిల్లా 1905లో ఏర్పడింది. 1906లో హైదరాబాద్‌లో విక్టోరియా జనానా ఆసుపత్రికి పునాదిరాయి వేశారు. కాని తిర్యాణి, జైనూరు అడవిపల్లెల ఆడవాళ్లకి హైదరాబాద్ ఎంత దూరమో ఆలోచించండి. వానాకాలం వాగు పొంగితే పక్కవూరే దూరం.

1970ల ఆఖరున ప్రభుత్వం పల్లె దాయీలకు శిక్షణ మొదలుపెట్టింది. చేతులు సబ్బుతో కడగమన్నారు, బొడ్డుకి కొత్త బ్లేడు వాడమన్నారు. టీకాలూ వచ్చాయి. 2015 నాటికి మనదేశంలో తల్లీబిడ్డల ధనుర్వాతం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఆదిలాబాద్‌లో 2008లో రిమ్స్ వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే. ఇది చిన్న విజయం కాదు.

కాని అదే సర్వేలో మరో లెక్క వుంది. రాష్ట్రంలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. కరీంనగర్ జిల్లాలో అది 80 దాటింది! అవసరమైనప్పుడు ఆపరేషన్ ప్రాణదాత, కాదనను. అయితే ఇంతమందికీ అవసరమా? కాన్పు బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి, తోడెవరినీ రానివ్వకపోతే, భయపడ్డ పిల్ల "కోసెయ్యండి" అనదూ? మురికిని వదిలించుకోవడంలో మనం ఆ నడుము పట్టే చేతినీ వదులుకున్నాం. నిజానికి కొడవలికీ ఆ చేతికీ సంబంధమే లేదు.

ఆ సంగతి గుర్తించింది కూడా కరీంనగరే. 2017లో యూనిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ సంస్థల తోడ్పాటుతో అక్కడి ప్రభుత్వాసుపత్రిలో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలయింది. నొప్పులప్పుడు నడిపించడం, నడుము రుద్దడం, ధైర్యం చెప్పడం, అపాయం కనిపించగానే డాక్టరుని పిలవడం: ఇవన్నీ ఆ విద్యలోవే. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కాన్పు సమయంలో తోడు మనిషి వుండాలనీ, కోరినవారికి మర్దన చేయవచ్చుననీ సూచించింది. మన మంత్రసాని ఏ పుస్తకం చదివి తెలుసుకుంది చెప్పండి!

మన ఇళ్లలో చేయగలిగిందీ వుంది. గర్భిణిని ఎడమవైపు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోమనండి. బిందెలు మోయనివ్వకండి. వెచ్చని నూనెతో నడుము మెత్తగా రుద్దండి. పొట్ట మాత్రం ఎవరూ అదమరాదు, వెన్ను విరిపించరాదు. నెలలు నిండకముందే నొప్పి వుండి వుండి వచ్చినా, రక్తం కనబడినా, జ్వరం తగిలినా, మూత్రం మంటపెట్టినా, కాళ్లు తిమ్మిరెక్కినా నూనెగిన్నె పక్కనపెట్టి ఆసుపత్రికి బయల్దేరండి.

ఆసుపత్రిలో చేర్చేటప్పుడు ఒక్క మాట అడగండి: "నొప్పుల సమయంలో మా అమ్మాయి దగ్గర నన్ను వుండనిస్తారా?" అడగడానికి మొహమాటపడకండి. రానిస్తే, చేతులు శుభ్రంగా కడుక్కుని ఆ పిల్ల నడుముకి అరచేయి ఆనించండి. మన ముత్తవ్వలకు దక్కిన ఆ ఒక్క ఓదార్పూ మన కూతుళ్లకి దక్కకుండా పోకూడదు.