లెక్క రాసినవాళ్లు, లెక్కకెక్కినవాళ్లు

గుత్తి కోట ఎక్కే దారి మొదట్లో ఇంగ్లీషువాళ్ల శ్మశానం ఒకటుంది. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయిన మద్రాసు గవర్నరు థామస్ మన్రోను మొదట పూడ్చిపెట్టింది అక్కడే. నాలుగేళ్ల తర్వాత, 1831లో, అవశేషాలను తవ్వి మద్రాసు సెయింట్ జార్జి కోటలోని చర్చికి తీసుకుపోయారు. దత్తమండలాలకు ఆయన 1800 నుంచి 1807 దాకా ప్రధాన కలెక్టరు. ఊరూరా చేలు కొలిపించాడు, ఏ రైతు ఎంత కట్టాలో రాయించాడు. రైత్వారీ పద్ధతి గట్టిగా నిలదొక్కుకున్నది ఈ కరువు నేల మీదే. సీమ జనం ఆయన పేరు మీద మంత్రాలయంలో ఒక కథ, గండి క్షేత్రంలో ఒక కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. పన్ను వసూలు చేసిన దొర మీద ఇంత అభిమానం ఎలా మిగిలిందన్నది వేరే వ్యాసానికి సరిపడే సంగతి.

గవర్నరయ్యాక మన్రో మరో లెక్క అడిగాడు. ప్రతి జిల్లాలో బడులెన్ని, పిల్లలెందరు, ఏ కులంవారు, ఏం చదువుతున్నారు? 1822లో ఆదేశం వెళ్లింది. గుత్తి అప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేది (అనంతపురం జిల్లా పుట్టింది 1882లో). బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు ఇప్పుడు చదివినా ఆసక్తిగా ఉంటుంది. తొమ్మిది లక్షల పైచిలుకు జనాభాకు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. కన్నడ బడులు 235, తెలుగువి 226, మరాఠీవి 23, ఫారసీవి 21, తమిళం నాలుగు, ఇంగ్లీషుది ఒకటే. ఆడపిల్లలు మొత్తం 60 మంది. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దే తీరును, పెద్ద తరగతి పిల్లలు చిన్నవాళ్లకు నేర్పే పద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు. అర్థం తెలియని పద్యాలను బట్టీ పట్టించడం మాత్రం ఆయనకు నచ్చలేదు. బడులు ఎందుకు తగ్గుతున్నాయో కూడా దాచకుండా రాశాడు: సీమగుడ్డ వచ్చి మన నేతగాళ్ల మగ్గాలు ఆగిపోయాయి, దేశం పేదదైపోతోంది, పిల్లల చదువుకు తల్లిదండ్రుల దగ్గర డబ్బు లేదు. కంపెనీ ఉద్యోగి కంపెనీకే రాసిన మాట ఇది.

ఈ క్యాంప్‌బెలే 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేయించాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ వాదించింది ఆ పుస్తకానికి రాసిన ముందుమాటలోనే. 1856లో కాల్డ్‌వెల్ తన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంతో ఆ వాదాన్ని పెద్దది చేశాడు. 1905లో అది సియోల్ చేరింది. 1886లో అక్కడ పాఠాలు చెప్పడానికి వచ్చిన అమెరికన్ హోమర్ హల్బర్ట్, కొరియన్‌కూ ద్రావిడ భాషలకూ చుట్టరికం ఉందంటూ ఒక పుస్తకం వేశాడు. మాటల వరస, ప్రత్యయాలు అతుక్కునే తీరు, పోలిన పదాలు ఆయన చూపిన సాక్ష్యాలు. ఈనాటి భాషాశాస్త్రవేత్తల్లో చాలామంది దాన్ని ఒప్పుకోరు. వాక్యం చివర క్రియ పెట్టే భాషలు లోకంలో చాలా ఉన్నాయి. అయితే హల్బర్ట్‌ను కొరియా మరిచిపోలేదు. జపాను పెత్తనానికి వ్యతిరేకంగా కొరియా చక్రవర్తి తరఫున 1907 హేగ్ శాంతి సభ దాకా వెళ్లిన మనిషాయన. 1949లో సియోల్‌లో చనిపోతే అక్కడే సమాధి చేశారు, ఎవరూ తవ్వి తీసుకుపోలేదు.

గుత్తి నుంచి 44వ జాతీయ రహదారి మీద దక్షిణంగా సుమారు 120 కిలోమీటర్లు పోతే పెనుకొండ మండలం ఎర్రమంచి వస్తుంది. 2017 ఏప్రిల్‌లో కొరియా కార్ల కంపెనీ కియాతో ఒప్పందం కుదిరింది, 536 ఎకరాల్లో ఏటా మూడు లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ లేచింది, 2019 డిసెంబరు 5న అధికారికంగా ప్రారంభమైంది. విజయనగర రాజులు తళ్లికోట యుద్ధం తర్వాత తలదాచుకున్న ఊరి దగ్గర ఇప్పుడు కొరియా అక్షరాల బోర్డులు కనిపిస్తాయి. ఈ జిల్లాల డిగ్రీ కాలేజీ పిల్లలకు కొరియా అంటే పాటలు, సీరియళ్లు, ఒక ఉద్యోగం. సంస్కృతులు ఎంత దగ్గరో చూడండంటూ పోలికల పట్టికలు కూడా తిరుగుతున్నాయి. హల్బర్ట్ పడిన గుంట అదే. పోలిక తేలిగ్గా దొరుకుతుంది కాబట్టే దాన్ని అనుమానించాలి.

పోల్చదగినవి వేరే ఉన్నాయి. 1430లో కొరియా రాజు సెజోంగ్ కొత్త భూమిశిస్తు పెట్టేముందు అధికారుల నుంచి రైతుల దాకా అభిప్రాయం అడిగించాడు. సరేనన్నవారు 98,657, వద్దన్నవారు 74,149. దక్షిణాన పంట బాగా పండే గ్యోంగ్‌సాంగ్, జొల్లా ప్రాంతాలు ఔనన్నాయి. ఉత్తరాన కొండ నేలల జనం వద్దన్నారు. శిస్తు స్థిరపడేసరికి 1444 అయింది. అప్పటికి భూమిని ఆరు తరగతులుగా, ఏడాది పంటను తొమ్మిది మెట్లుగా విడగొట్టారు. మధ్యలో 1441లో వాన కొలిచే పాత్ర తయారైంది, తర్వాత జిల్లాలకు పంపారు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే సంతోషించే అనంతపురం మనిషికి ఈ వరుస వింటే ఈర్ష్య పుడుతుంది. మన్రో కూడా మెట్ట సీమకు శిస్తు బరువైందని గ్రహించి 1807లోనే నాలుగో వంతు తగ్గించమన్నాడు. కంపెనీ వినలేదు. ఆయనే గవర్నరై తిరిగొచ్చాక, 1820లో గానీ అది అమలు కాలేదు. రైతునెవరూ ఓటు అడగలేదు.

కొరియాకూ కొలతగొలుసుల దెబ్బ తెలుసు. 1910లో దేశాన్ని కలిపేసుకున్న జపాను 1918 దాకా భూమి సర్వే చేయించింది. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో దక్షిణ కొరియా భూసంస్కరణ అమలు చేసింది. కియా 1944లో ఉక్కు గొట్టాలు, సైకిల్ భాగాలు చేసే కార్ఖానాగా మొదలై, 1952లో సైకిల్ చేసి, 1997 ఆర్థిక సంక్షోభంలో దివాలా తీసి, మరుసటి ఏడాది హ్యుందాయ్ చేతికి పోయింది. కొరియా పరిశ్రమల ఎదుగుదల వెనక కుట్టుమిషన్ల దగ్గర పగలూ రాత్రీ పనిచేసిన అమ్మాయిలున్నారు. వాళ్ల కోసం 1970 నవంబరు 13న సియోల్ పీస్ మార్కెట్‌లో చోన్ తే-ఇల్ అనే 22 ఏళ్ల దర్జీ కార్మికుడు ఒంటికి నిప్పంటించుకున్నాడు. కార్మిక చట్టాలను అమలు చేయండి అన్నదే అతని నినాదం.

సీరియళ్లు చూసే విద్యార్థి పరిశోధనకు దిగితే, క్యాంప్‌బెల్ పట్టికలాగే గడులు గీసుకోవచ్చు. ఎర్రమంచిలో భూములిచ్చిన కుటుంబాలు ఇప్పుడేం చేస్తున్నాయి? ఫ్యాక్టరీలో కొరియన్ మేనేజరుకూ సీమ కుర్రాడికీ మధ్య మాట ఎవరు మోస్తున్నారు? వయసుకు అక్కడిచ్చే మర్యాద ఇక్కడ షిఫ్టు పనిలో ఎలా మారుతోంది? చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి సంబంధాలకు కియా ఉద్యోగం ఎంత విలువ తెచ్చింది? అసెంబ్లీ లైనులో ఆడపిల్లలెందరు?