వాసాలొప్పెట్ స్కీయింగ్ పోటీ: ఔత్సాహికుల వ్యాయామం, స్త్రీల ప్రవేశం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: స్వీడన్‌లో 1922లో ప్రారంభమైన వాసాలొప్పెట్ 90 కిలోమీటర్ల క్రాస్ కంట్రీ స్కీయింగ్ పోటీ. ఒక చారిత్రకస్మృతి సామాన్యుల శీతకాల వ్యాయామంగా మారిన క్రమాన్ని, ఆ సామాన్యులలో స్త్రీలకు దీర్ఘకాలం చోటు లేకపోవడానికి గల కారణాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: స్కీయింగ్, వాసాలొప్పెట్, స్వీడన్, ఔత్సాహిక క్రీడ, స్త్రీలు.

1. ఉపోద్ఘాతం

ఉత్తర ఐరోపాలో స్కీలు మొదట ఆటవస్తువులు కావు. నేలంతా మంచు కప్పిన నెలల్లో వేటకూ ప్రయాణానికీ అవే ఆధారం. స్వీడన్‌లోని కాల్వ్‌త్రెస్క్ వద్ద 1924లో లభించిన స్కీ సుమారు 5,200 ఏళ్ళ నాటిది.

కొండవాలున జారేవారికి వాలే తోడ్పడుతుంది. క్రాస్ కంట్రీ స్కీయింగ్‌లో మాత్రం మిట్టలను మనిషి స్వశక్తితోనే ఎక్కాలి. సంప్రదాయ పద్ధతిలో స్కీ అడుగున నడిమిభాగానికి పట్టునిచ్చే మైనం పూస్తారు. బరువు మోపినప్పుడు ఆ భాగం మంచును పట్టుకుంటుంది; బరువు తగ్గగానే స్కీ ముందుకు జారుతుంది. కాళ్ళు, చేతులు, భుజాలు, నడుము కలిసి శ్రమించడం వల్ల గుండెకూ ఊపిరితిత్తులకూ గట్టి వ్యాయామం కలుగుతుంది. పరుగులోవలె పాదం నేలను బలంగా తాకదు కనుక కీళ్ళకు అదురు తక్కువ.

2. స్మృతి నుంచి పోటీకి

1520 నవంబరులో డెన్మార్క్ రాజు రెండవ క్రిస్టియన్ స్టాక్‌హోమ్‌లో పలువురు స్వీడిష్ ప్రముఖులను వధింపజేశాడు. తిరుగుబాటుకు మద్దతు కోరి గుస్తావ్ వాసా మోరాకు వచ్చాడు. అక్కడివారు ముందుకు రాకపోవడంతో అతడు నార్వే వైపు సాగిపోయాడనీ, ఆనక మనసు మార్చుకున్న మోరావాసులు పంపిన ఇద్దరు స్కీయర్లు అతడిని సేలెన్ వద్ద కలుసుకుని వెనక్కి తెచ్చారనీ సంప్రదాయ కథనం. 1523లో అతడు స్వీడన్ రాజయ్యాడు.

ఈ ఘట్టాన్ని స్మరిస్తూ స్కీయింగ్ పోటీ జరపాలని పత్రికా సంపాదకుడు ఆండెర్స్ పేర్స్ 1922 ఫిబ్రవరిలో ప్రతిపాదించాడు. మార్చి 19న 119 మంది సేలెన్ ప్రాంతం నుంచి మోరాకు బయలుదేరారు. 22 ఏళ్ళ ఎర్నస్ట్ ఆల్మ్ ఏడున్నర గంటలకు పైగా శ్రమించి విజేతగా నిలిచాడు.

3. నిషేధం, పునఃప్రవేశం

1924లో వ్యాయామ శిక్షకురాలు మార్గిట్ నోర్డిన్ ఇదే దూరాన్ని సుమారు పది గంటల్లో పూర్తిచేసింది. ఈ పోటీని ముగించిన తొలి మహిళ ఆమె. అయితే ఇంతటి శ్రమ స్త్రీల ఆరోగ్యానికి హానికరమన్న కారణంతో ఆ ఏడాదే వారి ప్రవేశాన్ని నిషేధించారు. ఒక స్త్రీ చేసి చూపిన పనినే స్త్రీలు చేయలేరని నిర్ణయించడం ఇందులోని వైరుధ్యం. ఈ నిషేధం 1981లో గాని తొలగలేదు.

ఒలింపిక్స్‌లోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. పురుషులకు 1924 నుంచే 50 కిలోమీటర్ల పోటీ ఉండగా, స్త్రీలకు 1952లో 10 కిలోమీటర్ల పోటీతో ప్రవేశం లభించింది.

4. వైద్యవాదానికి వైద్యపరిశోధన సమాధానం

రెండు లక్షలకు పైగా వాసాలొప్పెట్ స్కీయర్లను ఇతరులతో పోల్చిన అధ్యయనం 2019లో వెలువడింది. స్కీయింగ్ చేసిన స్త్రీలలో గుండెలయ తప్పే ఒక రుగ్మత, చేయని స్త్రీలలో కంటే తక్కువగా కనిపించింది. పురుషులలో మాత్రం అత్యధిక పర్యాయాలు పాల్గొన్నవారికీ, అత్యంత వేగంగా ముగించినవారికీ ఆ ముప్పు ఎక్కువగా ఉంది. ఆరోగ్యవంతులే ఇటువంటి పోటీలకు వస్తారన్న అంశాన్ని గమనించవలసి ఉన్నా, 1924 నాటి నిషేధాన్ని ఈ ఫలితాలు ఏమాత్రం సమర్థించవు.

5. ముగింపు

నేడు వాసాలొప్పెట్‌లో పాల్గొనేవారిలో అత్యధికులు ఔత్సాహికులే. గెలుపు కంటే మోరా చేరడమే వారి లక్ష్యం. ఆ ఒక్క రోజు కోసం నెలల తరబడి సాగే సాధనే వారికి అసలైన వ్యాయామఫలం. పూర్వుల బాటను స్మరించడానికి పుట్టిన ఈ పోటీ, ఆ బాట అందరిదని అంగీకరించడానికి ఆరు దశాబ్దాలు పట్టింది. క్రీడాచరిత్రను విజేతల పట్టికలతో పాటు, బరిలోకి రానివ్వని వారి వైపు నుంచి కూడా చదవవలసిన అవసరాన్ని ఈ ఉదంతం స్పష్టం చేస్తున్నది.